ఏడు నెలలు రోజుకో ఫొటో తీసుకున్నాను, ఒంటరితనం మాత్రం అందులో ఎక్కడా కనపడటం లేదు

కిటికీ_పక్కన

అందరికీ నమస్తే. ఇక్కడి పోస్టులు చాలాకాలంగా చదువుతున్నాను, రాయడం మాత్రం ఇదే మొదటిసారి. కాస్త పెద్దగానే రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

ఏడు నెలల కిందట నాతోపాటు ఉండే ఫ్రెండ్ పెళ్లి చేసుకుని వెళ్లిపోయాడు. నా ఉద్యోగం పూర్తిగా ఇంటి నుంచే. అంతకుముందు నేనెప్పుడూ ఒక్కడినే ఉండలేదు. కొన్ని రోజులైతే ఆఫీసు కాల్స్‌లో మాట్లాడిన నాలుగు మాటలు తప్ప రోజంతా నోరు విప్పే పనే ఉండేది కాదు. ఈ రోజుల్ని ఎక్కడో ఒకచోట దాచిపెట్టుకోవాలి అనిపించి, అతను వెళ్లిన మర్నాటి నుంచీ రోజూ పొద్దున్నే ఒక ఫొటో తీసుకోవడం మొదలుపెట్టాను. అదే కుర్చీ, వెనక తెల్లగోడ, ఎడమవైపు కిటికీ, ముఖంలో ఏ భావమూ పెట్టకుండా సూటిగా కెమెరాలోకి చూడటం. నిన్నటికి 213 రోజులు. మధ్యలో 19 రోజులు తప్పిపోయాయి కాబట్టి చేతిలో ఉన్నవి 194 ఫొటోలు.

మొన్న ఆదివారం ముఖాల్ని ఒకే చోటికి సర్దే యాప్ ఒకటి దింపుకుని అన్నీ అందులో వేసి, సెకనుకు 12 ఫొటోల చొప్పున వీడియో చేశాను. 16 సెకన్లలో అయిపోయింది. జుట్టు పెరుగుతుంది, ఒక్కసారిగా తగ్గిపోతుంది, మళ్లీ పెరుగుతుంది. చొక్కాలు మారుతుంటాయి. అంతకుమించి ఏమీ లేదు. మూడో నెలలో ఒక రాత్రి చాలా ఏడ్చాను, ఆ తారీఖు నాకు గుర్తుంది, మర్నాటి ఫొటో ప్రత్యేకంగా వెతికి తీసి దాని ముందురోజుదీ తర్వాతరోజుదీ పక్కన పెట్టుకుని చూశాను. మూడింట్లో అదే ముఖం. నేను పడ్డది ఫొటోలోకి ఒక్క పిసరు కూడా రాలేదు. ఆ రోజులన్నీ నాకు చాలా బరువుగా గడిచాయి, అవి ఇలా చప్పగా కనిపిస్తుంటే తట్టుకోలేకపోతున్నాను.

ఇకనుంచి ఆ రోజు మనసెలా ఉంటే అలా కూర్చుని తీసుకోవాలా? తల పట్టుకుని, కిటికీలోంచి చూస్తూ, అలా? తప్పిపోయిన 19 రోజుల్ని ఏం చేయాలి, వదిలేసి మిగతావి కలిపేయొచ్చా? ఇంకొకటి, మొదటి నాలుగు నెలలు ఫోన్‌ని పుస్తకాల మీద నిలబెట్టి ముందు కెమెరాతో తీశాను, తర్వాత సెకండ్ హ్యాండ్ డీఎస్ఎల్ఆర్, 50 ఎంఎం లెన్స్ కొన్నాను. ఆ మారిన చోట ముఖమే వేరే మనిషిదిలా ఉంది. దాన్ని సరిచేయడం కుదురుతుందా?

మూడుకాళ్ల_స్టాండు

ముందు ఆ చివరి ప్రశ్న సంగతి చూద్దాం, నాకు బాగా తెలిసింది అదే.

ముఖం వేరేగా కనపడటానికి అసలు కారణం దూరం. ఫోన్ మీకు అర మీటరు దూరంలో ఉండి ఉంటుంది. అంత దగ్గర్నుంచి తీస్తే ముక్కు కెమెరాకి దగ్గర, చెవులు దూరం, కాబట్టి ముక్కు పెద్దదై చెవులు వెనక్కి పోతాయి. డీఎస్ఎల్ఆర్‌ని ఒకటిన్నర, రెండు మీటర్ల దూరంలో పెట్టి ఉంటారు, అక్కణ్ణుంచి ఆ తేడా బాగా తగ్గి ముఖం వెడల్పుగా కనబడుతుంది. కత్తిరించి సైజు సమానం చేసినా ఇది పోదు, సాఫ్ట్‌వేర్‌తో లాగితే ముఖం ఇంకా పాడవుతుంది. అలాగే వదిలేయండి. ఇంకో సంగతి, కొన్ని ఫోన్లు ముందు కెమెరా ఫొటోని అద్దంలోలా తిప్పి సేవ్ చేస్తాయి. పాపిడి ఏ వైపు ఉందో చూసుకోండి, మారి ఉంటే ఆ నాలుగు నెలలవీ తిప్పేయండి. ఫోన్ తనంతట తానే చర్మం నున్నగా చేస్తుంది, కళ్లకింద నీడల్ని వెలుగుగా మార్చేస్తుంది. కాలం గురించి తీసే ఫొటోల్లో కాలం కనపడేదే ఆ నీడల్లో కదా, అది పోతే మిగిలేదేముంది. ఆ పోయినదాన్ని వెనక్కి తేలేం, కెమెరాలో మాత్రం రా ఫార్మాట్‌లో, అంటే కెమెరా తనంతట తాను దిద్దకుండా దాచే ఫైలుగా, తీయండి.

ఇకనుంచి కుర్చీ కాళ్లకీ ట్రైపాడ్ కాళ్లకీ నేలమీద టేపు వేసుకోండి. ఎక్స్‌పోజర్ (ఫొటోలోకి ఎంత వెలుతురు రావాలన్నది) మాన్యువల్, వైట్ బ్యాలెన్స్ (రంగుల సర్దుబాటు) డేలైట్ మీద ఫిక్స్ చేయండి, ఆటోలో పెడితే మీ చొక్కా రంగుని బట్టి గోడ రంగు మారుతుంది. లెన్స్ రంధ్రం సైజుని ఎఫ్ 8 దగ్గర పెట్టి, కుర్చీలో ఒక దిండు నిలబెట్టి దానిమీద ఫోకస్ చేసి, లెన్స్ రింగు మీద కూడా టేపు వేసేయండి. కిటికీ వెలుతురు సీజన్‌ని బట్టి మారుతుంది, కొందరు దాన్ని దిద్దుతారు, నేనైతే ముట్టుకోను.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది మీ యాప్. ఆ యాప్‌లు రెండు కళ్లనీ ప్రతి ఫొటోలో ఒకే గీత మీదికి తెస్తాయి, దానికోసం ఫొటోని తిప్పుతాయి, జరుపుతాయి, పెద్దవీ చిన్నవీ చేస్తాయి. మనిషి అలిసిపోతే కళ్లకన్నా ముందు మెడ చెబుతుంది, తల ఒక పక్కకి వాలుతుంది, మనిషి కుర్చీలో జారతాడు. అవన్నీ ఆ యాప్ "తప్పులు" అనుకుని దిద్దేసి ఉంటుంది. మీ ఒరిజినల్స్ ఉన్నాయా? ఉంటే కత్తిరించకుండా, తిప్పకుండా ఒకసారి వరసగా చూడండి. మీరు వెతికేది అక్కడ దొరకొచ్చు.

గంటకోసారి

మనసెలా ఉంటే అలా కూర్చోవాలా అన్నదానికి నా జవాబు వద్దనే. ఇన్నాళ్లూ భావం పెట్టకుండా కూర్చోవడం చాలా కష్టమైన పని, అది మీరు 194 సార్లు చేశారు. ఇప్పుడు తల పట్టుకుని కూర్చుంటే చూసేవాళ్లకి ఒక్క ఫొటోలోనే విషయం అర్థమైపోతుంది, మిగతా 193 ఎందుకు చూడాలి?

టెహ్‌చింగ్ షే అని ఒకాయన ఉన్నారు, తైవాన్‌లో పుట్టి న్యూయార్క్‌లో స్థిరపడిన కళాకారుడు. ఆయన 1978లో తన స్టూడియోలోనే ఒక బోను కట్టుకుని ఏడాదిపాటు అందులో ఉన్నారు. మాట్లాడలేదు, చదవలేదు, రాయలేదు, రేడియో, టీవీ ఏదీ లేదు. ఒక స్నేహితుడు వచ్చి తిండి పెట్టి, రోజుకో ఫొటో తీసి వెళ్లేవాడు. ఆ తర్వాత 1980 ఏప్రిల్ 11 నుంచి 1981 ఏప్రిల్ 11 దాకా ఇంకో పని చేశారు. ఫ్యాక్టరీల్లో పనివాళ్లు వచ్చిన టైము నమోదయ్యే మిషన్ ఉంటుంది కదా, దాన్ని గదిలో పెట్టుకుని రాత్రీ పగలూ గంటగంటకీ కార్డు పంచ్ చేశారు, చేసిన ప్రతిసారీ పక్కన నిలబడి 16 ఎంఎం ఫిల్మ్ మీద ఒక్క ఫ్రేమ్ తీసుకున్నారు. మొదటిరోజు గుండు చేయించుకున్నారు కాబట్టి ఏడాది గడిచినట్టు జుట్టే చెబుతుంది. మొత్తం కలిపితే ఆరు నిమిషాల సినిమా. ముఖంలో ఏడుపు, కోపం లాంటివి ఏమీ ఉండవు, చూస్తూ ఉంటే మాత్రం మన బుర్రలో లెక్క మొదలవుతుంది. ఈ మనిషికి ఏడాదిపాటు ఒక్కసారికి గంటకి మించి నిద్రపోయే వీల్లేదు, గంటలో తిరిగి రాలేనంత దూరం వెళ్లలేదు, ఎవరింటికీ వెళ్లి తీరిగ్గా కూర్చోలేదు. ఆ లెక్క తెలిశాక గుండె బరువెక్కుతుంది. కాబట్టి మీ నియమం ఏంటో ఒక కాగితం మీద రాసి ఫొటోల పక్కన పెట్టండి, ఎవరు వెళ్లిపోయిన మర్నాడు మొదలైందో కూడా. అది తెలియకుండా మీ 16 సెకన్లు చూస్తే ఎవరికైనా జుట్టే కనబడుతుంది.

తప్పిపోయిన రోజుల్ని దయచేసి కలిపేయకండి. ఏడాదికి 8,760 గంటలైతే షే 133 తప్పారు. వాటికి కూడా లెక్క రాసిపెట్టారు. నిద్రపోయి తప్పినవి 94, ఆలస్యమైనవి 29, ముందుగా పంచ్ చేసినవి 10. నాకు ఆ సిరీస్ మొత్తంలో మనసుకి బాగా తగిలేది ఆ 94, అక్కడ ఆయన శరీరం ఇక నావల్ల కాదంది. మీ 19కి కూడా ఒక్కోదానికీ కారణం రాయండి.

ఇంకొకరి గురించి చెప్పి ఆపుతాను. పోలిష్ చిత్రకారుడు రోమన్ ఒపాల్కా 1965లో కాన్వాస్ మీద ఒకటి నుంచి అంకెలు వేయడం మొదలుపెట్టి 2011లో చనిపోయేదాకా వేస్తూనే ఉన్నారు, ఆఖరి అంకె 5607249. తర్వాత్తర్వాత ఆ రోజు పని అయ్యాక తెల్లచొక్కాతో, అదే వెలుతురులో, అదే ముఖంతో ఒక ఫొటో తీసుకునేవారు. కాన్వాస్ నేపథ్యాన్ని కూడా ఒక్కోదానికీ ఒక్కో శాతం తెలుపు పెంచుతూ పోయారు. ఫొటోలు వరసగా చూస్తే జుట్టూ ముఖమూ కూడా ఆ తెలుపులోకే పోతున్నట్టు ఉంటుంది. ఏ రెండు పక్కపక్క ఫొటోల్లోనూ తేడా పట్టుకోలేం. మీది ఇంకా 213 రోజులే.

పాత_ఆల్బమ్

పైన చెప్పినదాంట్లో చాలావరకు నిజమే కానీ, నియమం ఒక్కటే చాలు అంటే నేను ఒప్పుకోను. నియమం రాసిన కాగితం చదివితేగానీ అర్థంకాని ఫొటో నా దృష్టిలో సగం ఫొటోనే. ఫ్రేములో కూడా ఏదో ఉండాలి.

నికోలస్ నిక్సన్ బ్రౌన్ అక్కచెల్లెళ్ల ఫొటోలు చూడండి. తన భార్యనీ ఆమె ముగ్గురు అక్కచెల్లెళ్లనీ 1975 నుంచి ఏడాదికొక ఫొటో చొప్పున తీశారు, పెద్ద 8×10 అంగుళాల ఫిల్మ్ కెమెరాతో, నలుపు తెలుపులో, నలుగురూ ఎప్పుడూ అదే వరసలో నిలబడి. 2014లో 40 ఫొటోలూ కలిపి న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌లో పెట్టారు. అందులో నేను ముఖాలకన్నా చేతులు ఎక్కువ చూస్తాను, ఎవరి చెయ్యి ఎవరి భుజం మీద ఉంది, ఎవరు కొంచెం ఎడంగా నిలబడ్డారు. ఒక మనిషి ఒంటరిగా ఉన్నట్టు మనకి ఎప్పుడు తెలుస్తుందంటే పక్కన ఎంత ఖాళీ ఉందో కనపడినప్పుడు. మీరేమో ముఖం, గోడ తప్ప అన్నీ కత్తిరించేశారు.

నా సంగతి చెబుతాను. నాన్న పోయాక రెండేళ్లపాటు ప్రతి నెలా ఒకటో తారీఖున అమ్మని ఫొటో తీశాను, మొత్తం 24. హాల్లో అమ్మ కుర్చీ, పక్కన నాన్న కుర్చీ, రెండూ ఫ్రేములోకి వచ్చేలా. అమ్మ ముఖం చూస్తే 24లోనూ దాదాపు ఒకేలా ఉంటుంది, తను మొదట్నుంచీ ఫొటోకి బిగుసుకుపోయే మనిషి. కానీ మొదటి నాలుగు ఫొటోల్లో ఆ రెండో కుర్చీ ఖాళీ. ఐదో నెలలో దానిమీద మడతపెట్టాల్సిన బట్టలున్నాయి. తీసేప్పుడు నేను గమనించనేలేదు. తర్వాత కొన్ని నెలలు బట్టలు, పేపర్లు, ఒకసారి మందుల సంచి. పద్నాలుగో నెలకి కుర్చీ కిటికీ దగ్గరికి జరిగిపోయింది, అంచు మాత్రమే కనపడుతుంది. ఎవరు జరిపారని అమ్మని అడగలేదు. ఇప్పటికీ ఆ ఐదో ఫొటో దగ్గర ఆగిపోతాను.

కాబట్టి ఒక మీటరు వెనక్కి జరగండి. మీ గది కనపడనివ్వండి. మీ ఫ్రెండ్ వాడిన మంచమో బల్లో ఏదైనా ఇంకా అక్కడే ఉంటే దాన్ని సర్దకండి, దాచకండి, ఉన్నదున్నట్టు ఫ్రేములోకి రానివ్వండి.

నాలుగొందల_రోజులు

బ్రో, అందరూ ఫొటో గురించి చెప్పారు, నేను మీ గురించి అడుగుతాను. ఆ ఏడ్చిన రాత్రి సంగతి ఎవరికైనా చెప్పారా?

నేనూ ఇలాగే 400 రోజులు తీశాను, పేరులో పెట్టుకున్నది అదే. మొదట్లో బాగానే ఉండేది, పొద్దున్నే లేవడానికి ఒక కారణం దొరికింది. ఆరు నెలల తర్వాత ఫొటో తీయడం రెండు నిమిషాలు, దాన్ని పెద్దది చేసి కళ్లకింద చూసుకోవడం అరగంట అయింది. నిన్నటికన్నా ఇవాళ దిగజారానా అని టెన్షన్. రోజంతా ఇంకో ముఖమే చూడని మనిషికి తన ముఖాన్నే అంతసేపు చూసుకోవడం మంచిది కాదు, నా అనుభవంతో గట్టిగా చెబుతున్నాను. నేను ఆపేసి ఒక కౌన్సెలర్‌ని కలిశాను, నాకు చాలా సాయపడింది. మీరు ఆపమని కాదు. తీసింది ఆ రోజు చూడకండి. కార్డులోనే ఉంచేసి నెలకొకసారి కంప్యూటర్లోకి ఎక్కించండి.

కెమెరాని కొన్నాళ్లు బయటివైపు కూడా తిప్పి చూడండి. జేమీ లివింగ్‌స్టన్ అని ఒకతను 1979 మార్చి 31 నుంచి రోజుకో పోలరాయిడ్ తీశాడు, 1997 అక్టోబర్ 25న క్యాన్సర్‌తో పోయిన రోజు దాకా. ఆరువేలకి పైగా ఫొటోలు. అందులో అతని ముఖం ఉన్నవి తక్కువే, ఎక్కువగా స్నేహితులు, భోజనాల బల్లలు, ఆడుకోవడాలు, చివర్లో ఆసుపత్రి. అతను ఎలాంటి మనిషో తెలియడానికి అవి సరిపోతాయి.

కిటికీ_పక్కన

ఇంత శ్రద్ధగా రాస్తారని అనుకోలేదు, అందరికీ థాంక్స్. నాలుగు రోజులుగా ఇదే పని మీద ఉన్నాను.

@మూడుకాళ్ల_స్టాండు గారు, ఒరిజినల్స్ ఉన్నాయి, కత్తిరించకుండా అన్నీ వరసగా పెట్టి చూశాను. ఏడ్చిన మర్నాటి ఫొటోలో ఇప్పటికీ ఏమీ దొరకలేదు. కానీ మూడో నెల మొత్తం చూస్తే వెనక కుర్చీ వీపు నా భుజాలకి పైన కనబడుతోంది, మొదటి నెలలో అది అసలు కనబడదు. అంటే రోజురోజుకీ కొంచెం కొంచెంగా కిందికి జారుతూ వచ్చాను, నాకే తెలీదు. ఐదో నెలకి మళ్లీ సర్దుకున్నట్టుంది, అప్పటికి కెమెరా మారింది కాబట్టి కచ్చితంగా చెప్పలేను. ఆ జారడం అంతా యాప్ తుడిచేసింది.

@గంటకోసారి గారు, 19 రోజులకీ కారణాలు రాశాను. కూర్చుని రాస్తుంటే చెయ్యి ఆగిపోయింది. మూడు రోజులు జ్వరం. రెండుసార్లు ఫోన్ చార్జింగ్ లేదు. మూడు రోజులు ఏమైందో గుర్తు రావట్లేదు. మిగతా 11 రోజులు ఎవరో ఒకరు నాతో ఉన్నారు. అక్క వచ్చి నాలుగు రోజులు ఉంది, నేను వెళ్లి ఫ్రెండ్ దగ్గర మూడు రోజులు ఉన్నాను, ఇంకోసారి కాలేజీ వాళ్లు వచ్చారు. ఆ రోజుల్లో ఫొటో అన్న సంగతే గుర్తు రాలేదు. అంటే నేను ఒక్కడినే లేని రోజులే ఈ వరసలో లేవు. ఇన్నాళ్లూ వాటిని నా బద్ధకం కింద లెక్కేసుకున్నాను. మీరన్నట్టు కలిపేయకుండా ఆ ఖాళీల్లో నల్ల ఫ్రేమ్ పెడదామనుకున్నాను, ఇప్పుడు మనసొప్పడం లేదు, అవి మంచి రోజులు కదా.

@నాలుగొందల_రోజులు, చెప్పలేదు బ్రో. మీ పోస్టు చదివాక నిన్న అక్కకి ఫోన్ చేసి చెప్పాను. గంటన్నర మాట్లాడుకున్నాం. శనివారం వస్తానంది.

గంటకోసారి

నల్లది వద్దు. ఆ గోడ రంగులోనే ఒక ఖాళీ ఫ్రేమ్, కింద తారీఖు, అంతే. గుర్తులేని మూడింటికీ జ్వరానికీ కూడా అదే పెట్టండి, వేరువేరు రంగులు పెట్టి వివరించొద్దు, కారణాల కాగితం ఎలాగూ పక్కన ఉంటుంది. ఖాళీ కుర్చీని ఇప్పుడు ఫొటో తీసి ఆ తారీఖుల్లో ఇరికించడం లాంటిది మాత్రం చేయకండి, ఆ రోజుల్లో కుర్చీని ఎవరూ ఫొటో తీయలేదు.

పాత_ఆల్బమ్

అక్క వచ్చిన రోజు ఫొటో మానేయొద్దు తమ్ముడూ. తనని కూడా పక్కన కూర్చోబెట్టు. తనకి ఇష్టం లేకపోతే కనీసం బటన్ అయినా తనచేత నొక్కించు.

కిటికీ_పక్కన

సరేనండీ, అడుగుతాను. ఇద్దరం కూర్చుంటే ఫోకస్ మళ్లీ పెట్టుకోవాలా? రింగుకి టేపు వేసేశాను.

మూడుకాళ్ల_స్టాండు

అక్కర్లేదు. ఇద్దరి కుర్చీలూ కెమెరా నుంచి ఒకే దూరంలో ఉంటే చాలు, ఎఫ్ 8లో ఇద్దరూ స్పష్టంగా వస్తారు. మీ కుర్చీని మాత్రం జరపకండి, తనదే పక్కన వేయండి. ఇద్దరూ ఫ్రేములో పట్టకపోతే ట్రైపాడ్ వెనక్కి జరిపి పాత గుర్తుల పక్కనే కొత్త టేపు వేసుకోండి, అలా జరిపితే ఫోకస్ మాత్రం మళ్లీ చూసుకోవాలి.